శాన్ ఆంటోనియో కమాండర్స్: జనం వచ్చినా జట్టు ఎందుకు నిలవలేదు?

నదిగట్టు:

2025 సీజన్ ముగిశాక, వసంతకాలంలో నడిచే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ యూఎఫ్‌ఎల్ నిర్వాహకులు మా టెక్సస్ ఊరి జట్టు శాన్ ఆంటోనియో బ్రామాస్‌ను తొలగించారు. దానితో మా ఊరికి వసంతకాలపు ఫుట్‌బాల్ మళ్ళీ లేకుండా పోయింది. ఆ వార్త చదివినప్పుడు నాకు ఎక్కువగా గుర్తుకొచ్చింది బ్రామాస్ కాదు, 2019లో ఎనిమిదంటే ఎనిమిది ఆటలు ఆడి మాయమైన శాన్ ఆంటోనియో కమాండర్స్.

తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. అమెరికన్ ఫుట్‌బాల్‌లో అన్నిటికన్నా పెద్ద లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ సీజన్ ఫిబ్రవరి మొదట్లో ముగుస్తుంది, మళ్ళీ సెప్టెంబరు దాకా అసలు ఆటలుండవు. ఆ ఖాళీలో నడపాలని టీవీ నిర్మాత ఛార్లీ ఎబెర్సోల్, ఎన్‌ఎఫ్‌ఎల్ మాజీ జనరల్ మేనేజర్ బిల్ పోలియన్ కలిసి అలయన్స్ ఆఫ్ అమెరికన్ ఫుట్‌బాల్ అనే లీగ్‌ను 2018 మార్చిలో ప్రకటించి, ఏడాది తిరగకుండానే 2019 ఫిబ్రవరి 9న ఎనిమిది జట్లతో మొదలుపెట్టారు. అందులో మాది ఒకటి. సైనిక స్థావరాలున్న ఊరు కాబట్టి కమాండర్స్ అని పేరు పెట్టారు. ఆ పేరు ఇప్పుడు వాషింగ్టన్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టుది, అది వేరే సంగతి.

మొదటి ఆట రాత్రి నేను అలమోడోమ్‌లోనే ఉన్నాను. అప్పుడే ఎం.ఎస్. చదవడానికి వచ్చిన మా పిన్ని కొడుకును వెంట తీసుకెళ్ళాను. వాడికి క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలియదు. శాన్ డియెగో ఫ్లీట్ జట్టు క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) మైక్ బెర్కోవిచి బంతి విసరబోతుండగా మా లైన్‌బ్యాకర్ (అతన్ని అడ్డుకునేవాడు) షాన్ వాషింగ్టన్ దూసుకొచ్చి గుద్దిన గుద్దుకు అతని హెల్మెట్ గాలిలోకి ఎగిరిపోయింది. తల ఊడిపోయిందనుకుని మావాడు సీటులోంచి లేచి నిలబడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా లేచారు గానీ వాళ్ళు కేకలు వేయడానికి లేచారు. రిఫరీ తప్పని జెండా విసరలేదు. ఆ రాత్రి దేశమంతా ఫోన్లలో తిరిగింది ఆ ఒక్క క్షణమే. ఆట మేము 15–6తో గెలిచాము.

నా ప్రశ్న ఇది. లీగ్ మొత్తంలో ఎక్కువమంది ప్రేక్షకులు వచ్చిన ఊరు మాది. జట్టు కూడా ఐదు గెలుపులు, మూడు ఓటములతో (5–3) ప్లేఆఫ్స్ దారిలో ఉంది. అయినా ఏప్రిల్ 2న ఒక్క ప్రకటనతో అంతా ఆగిపోయింది. జనం వచ్చినా జట్టును కాపాడుకునే వీలు ఊరికి ఎందుకు లేకపోయింది?

*

లెక్కలపద్దు:

నదిగట్టు గారూ, సూటిగా జవాబు చెప్పాలంటే, ఆ జట్టు శాన్ ఆంటోనియోది కాదు. ఎనిమిది జట్లూ లీగ్ సొంతమే. కోచ్ జీతం, ఆటగాళ్ళ ఒప్పందాలు, హోటల్ గదులు, విమానం టికెట్లు, అన్నీ ఒకే ఖాతా నుంచి పోయేవి. మీ ఊళ్ళో టికెట్ కొన్న డబ్బు కూడా ఆ ఖాతాలోకే చేరింది. మీ జట్టుకు వేరే గల్లాపెట్టె లేదు.

ప్రేక్షకుల లెక్కలు చూద్దాం. కమాండర్స్ సొంత మైదానంలో నాలుగు ఆటలు ఆడారు, వాటికి వచ్చినవారు వరుసగా 27,857, 29,176, 30,345, 23,504 మంది. కూడితే 1,10,882, సగటున ఆటకు 27,720. లీగ్ మొత్తం సగటు దాదాపు 15 వేలే కాబట్టి ఇది చాలా గొప్ప సంఖ్య. అయితే అలమోడోమ్‌లో సుమారు 64 వేల సీట్లున్నాయని కూడా గుర్తుంచుకోవాలి. సగం కూడా నిండలేదు.

ఇక ఖర్చు. ఆటగాళ్ళందరికీ ఒకే రకం ఒప్పందం: మూడేళ్ళకు 2,50,000 డాలర్లు, హామీ లేకుండా, మొదటి ఏడు 70 వేలు, రెండో ఏడు 80 వేలు, మూడో ఏడు లక్ష. జట్టుకు 52 మంది చొప్పున ఎనిమిది జట్లకు 416 మంది. మొదటి ఏడాది ఆటగాళ్ళ జీతాలే దాదాపు 2 కోట్ల 90 లక్షల డాలర్లు. దీనికి కోచ్‌లు, బీమా, ప్రయాణాలు, స్టేడియం అద్దెలు, టీవీ ప్రసారానికి కావలసిన సిబ్బంది కలపండి. టికెట్లు అమ్మి ఈ ఖర్చు రాబట్టడం మొదటి ఏడాది ఏ ఊరి తరమూ కాదు. మొదటి మూడు నాలుగేళ్ళు ఎవరో ఒకరు జేబులోంచి పెట్టాలి. ఆ జేబు ఎవరిదన్నదే ఇక్కడ అసలు కథ.

*

పాతచొక్కా:

ఆ జేబు కథ నేను చెబుతాను, ఎందుకంటే దానిని చాలామంది తప్పుగా చెబుతుంటారు.

మొదట పెద్ద మొత్తం పెడతానన్న మదుపరి రెజీ ఫౌలర్. సీజన్ మొదలయ్యే సరికి అతని డబ్బు రావడం ఆగిపోయింది. మొదటి వారం ఆటలు టీవీలో చూసి దేశమంతా మెచ్చుకుంటున్న సమయంలోనే లోపల జీతాలకు కటకటగా ఉంది. అప్పుడు టామ్ డండన్ ముందుకు వచ్చాడు. డాలస్ వ్యాపారి, కరోలినా హరికేన్స్ అనే ఐస్ హాకీ జట్టు యజమాని. 25 కోట్ల డాలర్లు పెడతానని ఒప్పుకుని లీగ్ ఛైర్మన్ అయ్యాడు. ఈ 25 కోట్లు అన్న సంఖ్యే అందరినీ మోసగించింది. అది ఒకేసారి బ్యాంకులో వేసిన సొమ్ము కాదు, అవసరం కొద్దీ ఇస్తానన్న మాట. చివరికి అతను పెట్టింది దాదాపు 7 కోట్లు అని వార్తలు వచ్చాయి.

ఫౌలర్ విషయానికొస్తే, క్రిప్టో వ్యాపారాలకు సంబంధించిన బ్యాంకు మోసం కేసులో అతనిపై 2019లోనే నేరారోపణ జరిగింది. తరువాత నేరం ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకున్న వాటిలో ఈ లీగ్‌ను మోసగించిన అభియోగం కూడా ఉంది. 2023లో ఆరేళ్ళకు పైగా జైలు శిక్ష పడింది. కాబట్టి తప్పంతా డండన్‌దే అని తేల్చేయడం న్యాయం కాదు. నడుస్తున్న బండికి చక్రం ఊడిపోయాక అతను ఎక్కాడు.

అతను దిగిపోయిన తీరు మాత్రం వేరే చర్చ. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లలో ఆడే అవకాశం రాక ప్రాక్టీసుకే పరిమితమైన కుర్రాళ్ళను ఈ లీగ్‌కు అప్పిస్తే తప్ప నడపలేనని, అందుకు ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ళ సంఘం ఒప్పుకోవాలని మార్చి చివర్లో బహిరంగంగా చెప్పాడు. సీజన్ మధ్యలో, మూడు వారాల ఆటలు మిగిలి ఉండగా, సంవత్సరాల తరబడి చర్చలు జరిపి రాసుకున్న కార్మిక ఒప్పందాన్ని ఆ సంఘం తన కోసం పక్కన పెడుతుందని ఎలా అనుకున్నాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ ఒప్పందంలో సీజన్ లేని నెలల్లో ఆటగాడిని ఎన్ని రోజులు ప్రాక్టీసు చేయించవచ్చు, ఎంతసేపు ఒళ్ళు తగిలే ఆట ఆడించవచ్చు అన్నవి కూడా గీత గీసి ఉన్నాయి. ఆ గీత దాటి కుర్రాళ్ళను పంపితే, గాయమైనప్పుడు బాధ్యత ఎవరిది?

*

కొత్తపాఠకుడు:

ఈ ఆట నాకు కొత్త. రెండు చిన్న ప్రశ్నలు: ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటకూ వీళ్ళ ఆటకూ తేడా ఏమిటి? ఏడాదిలోపే మొదలుపెట్టాల్సినంత తొందర దేనికి?

*

మూడోడౌన్:

రెండో ప్రశ్నకు ముందు జవాబు. 2001లో కుస్తీ ప్రదర్శనల వ్యాపారి విన్స్ మెక్‌మాన్, ఎన్‌బీసీ టీవీ సంస్థ కలిసి ఎక్స్‌ఎఫ్‌ఎల్ అనే లీగ్ పెట్టి ఒక్క సీజన్‌తో మూసేశారు. అప్పుడు ఎన్‌బీసీ తరఫున దాని వెనుక ఉన్నది డిక్ ఎబెర్సోల్. ఛార్లీ అతని కొడుకు. ఆ వైఫల్యం మీద ఛార్లీ ఒక డాక్యుమెంటరీ కూడా తీశాడు. 2018 జనవరిలో మెక్‌మాన్ ఎక్స్‌ఎఫ్‌ఎల్‌ను 2020లో తిరిగి తెస్తానని ప్రకటించగానే, రెండు నెలలకే ఛార్లీ తన లీగ్‌ను 2019లోనే మొదలుపెడతానన్నాడు. తండ్రి ఓడిన ఆటను కొడుకు వేరే పావులతో ఆడదామనుకున్నాడు. మెక్‌మాన్ కంటే ఏడాది ముందు మార్కెట్‌లో ఉండాలన్న తపనలో, మరో ఏడాది ఆగి డబ్బు సమకూర్చుకునే వెసులుబాటును వదులుకున్నాడు. నా లెక్కలో లీగ్‌కు మొదటి దెబ్బ అదే.

ఇక నియమాలు. బంతిని దూరంగా తన్ని ఆట మొదలుపెట్టే కిక్కాఫ్ లేదు, బంతి నేరుగా 25 గజాల గీత దగ్గర పెట్టి మొదలుపెట్టేవారు. టచ్‌డౌన్ (బంతిని చివరి గీత దాటించడం, ఆరు పాయింట్లు) తరువాత ఒక పాయింటు కోసం తన్నడం లేదు, తప్పనిసరిగా రెండు పాయింట్ల కోసం ప్రయత్నించాలి. మీరు మొదటి ఆట స్కోరు 15 చూశారు కదా, అది ఒక టచ్‌డౌన్, మూడు ఫీల్డ్ గోల్స్ (బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్నడం, ఒక్కోటి మూడు పాయింట్లు). రెండు పాయింట్ల ప్రయత్నం ఫలించకపోవడం వల్ల అలా వచ్చింది. ఓడిపోతున్న జట్టు ఆన్‌సైడ్ కిక్‌కు (తాను తన్నిన బంతిని మళ్ళీ తానే దక్కించుకునే ప్రయత్నానికి) బదులు తన 28 గజాల గీత దగ్గర నాలుగో డౌన్, 12 గజాలు, అంటే ఒకే ప్రయత్నంలో 12 గజాలు ముందుకు వెళ్ళాలనే ఒక్క అవకాశం తీసుకోవచ్చు. దాటితే బంతి వారిదే, లేకపోతే ప్రత్యర్థికి. పై గదిలో కూర్చుని రిఫరీల తప్పులు వెంటనే సరిదిద్దే స్కై జడ్జ్ అనే అధికారిని కూడా పెట్టారు. టీవీ కోసమని ఆట ఆపే విరామాలు లేవు, ఒక ఎత్తుకూ తరువాతి ఎత్తుకూ మధ్య గడువు (ప్లే క్లాక్) 35 సెకన్లే. మైదానంలో కూర్చున్నవాడికి ఈ చివరి రెండూ ఎంత హాయో నదిగట్టు గారే చెప్పాలి.

*

నదిగట్టు:

నిజమే. రెండున్నర గంటల్లో ఆట ముగించుకుని ఇంటికి వెళ్ళి అన్నం తిన్నాము. ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటకు వెళితే ప్రకటనల కోసం ఆటగాళ్ళందరూ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడడాన్ని చూస్తూ కూర్చోవాలి. అది టీవీలో కనబడదు, స్టేడియంలో మాత్రం విసుగు పుట్టిస్తుంది.

*

వసుంధర:

నేను ఆస్టిన్‌లో ఉంటాను, కమాండర్స్ ఆటలు రెండు చూశాను. డబ్బు గురించి అందరూ రాశారు. శాన్ ఆంటోనియో గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ ఊరికి ఇది కొత్త దెబ్బ కాదు.

1984, 85లలో యూఎస్‌ఎఫ్‌ఎల్ అనే లీగ్‌లో శాన్ ఆంటోనియో గన్‌స్లింగర్స్ ఉండేది. క్లింటన్ మాంజెస్ అనే చమురు వ్యాపారి యజమాని. జీతం చెక్కులు బౌన్స్ అవుతుంటే ముందు వెళ్ళినవాడికే డబ్బు దొరుకుతుందని ఆటగాళ్ళు బ్యాంకుకు పరుగెత్తేవారని ఆ జట్టుకు పేరు. 1991, 92లలో వరల్డ్ లీగ్ అనే మరో లీగ్‌లో శాన్ ఆంటోనియో రైడర్స్ వచ్చింది, రెండో ఏడు ఆటలను సాన్ మార్కస్‌కు మార్చుకుని, ఆ తరువాత పోయింది. 1995లో కెనడా లీగ్‌కు చెందిన శాన్ ఆంటోనియో టెక్సన్స్ అలమోడోమ్‌లో ఒక్క సీజన్ ఆడింది. 2005లో కత్రినా తుపాను వచ్చినప్పుడు న్యూ ఆర్లియన్స్ సెయింట్స్ మూడు ఆటలు ఇక్కడ ఆడి తిరిగి వెళ్ళిపోయారు. తరువాత కమాండర్స్, ఆ తరువాత 2023లో బ్రామాస్.

ఇందులో నాకు నచ్చిన ముడి ఒకటుంది. కమాండర్స్ కోచ్ మైక్ రైలీ, 1991, 92లలో రైడర్స్‌కు కోచ్‌గా ఉన్న రైలీయే. మధ్యలో ఒరెగాన్ స్టేట్, శాన్ డియెగో ఛార్జర్స్, నెబ్రాస్కా అన్నీ తిరిగి, పాతికేళ్ళు దాటాక అదే ఊరికి అదే పనికి వచ్చాడు. రెండుసార్లూ కాళ్ళ కింద నేల కదిలింది. జట్టును ఎంపిక చేసిన జనరల్ మేనేజర్ డారిల్ జాన్‌స్టన్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు డాలస్ కౌబాయ్స్ మాజీ ఆటగాడు. ఆటగాళ్ళలో కొందరిని దగ్గరి కళాశాలల్లో ఆడినవారిలోంచే తీసుకున్నారు కాబట్టి, చూడడానికి వచ్చినవారికి కాలేజీ రోజుల నుంచి తెలిసిన పేర్లు మైదానంలో ఉండేవి. జనం ఊరికే రాలేదు.

*

లెక్కలపద్దు:

వసుంధర గారి జాబితా చూశాక నా వాదన ఇంకా గట్టిపడింది. ఎనిమిది జట్లకూ ఒకే యజమాని ఉన్నప్పుడు బలమైన ఊరు బలహీనమైన ఊరితో పాటే మునుగుతుంది. ఇక్కడ స్థానిక యజమాని ఒకరుండి ఉంటే, కనీసం మిగిలిన రెండు వారాలూ ఆడించి సీజన్ ముగించేవాడు.

*

పాతచొక్కా:

ఒప్పుకోను. మాంజెస్ స్థానికుడే కదా, ఏం జరిగింది? మన హైదరాబాదులో డెక్కన్ ఛార్జర్స్‌ను గుర్తు చేసుకోండి. 2009లో ఐపీఎల్ గెలిచిన జట్టు, సొంత యజమాని, సొంత ఊరు. యజమాని సంస్థ అప్పుల్లో కూరుకుపోతే 2012లో జట్టే రద్దయింది. కానీ అక్కడ లీగ్ బతికి ఉంది కాబట్టి, ఆ చోటును సన్ టీవీ ఏడాదికి 85 కోట్ల 5 లక్షల రూపాయలకు కొనుక్కుని సన్‌రైజర్స్ పెట్టింది. యజమాని చచ్చినా లీగ్ బతికితే ఊరికి జట్టు మిగులుతుంది. లీగే చస్తే ఎంత మంచి యజమాని ఉన్నా ఎవరితో ఆడతాడు? శాన్ ఆంటోనియోకు లేనిది స్థానిక యజమాని కాదు, నిలబడే లీగ్.

(పక్కమాట: ఇదే అమెరికన్ ఫుట్‌బాల్‌లో 2012లో హైదరాబాద్ స్కైకింగ్స్ అనే జట్టు కూడా ఉండేది, ఎలైట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియాలో. హైదరాబాదులో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి.)

*

లెక్కలపద్దు:

ఛార్జర్స్ ఉదాహరణ బాగుంది, ఆ మేరకు నా మాట వెనక్కి తీసుకుంటాను. కానీ బ్రామాస్ సంగతి మీ సూత్రానికి ఒదగదు. అక్కడ యూఎఫ్‌ఎల్ బతికే ఉంది, 2024లో బ్రామాస్ ఫైనల్‌కు కూడా వెళ్ళి బర్మింగ్‌హామ్ చేతిలో 25–0తో ఓడింది, అయినా ఊరికి జట్టు మిగల్లేదు. లీగ్ బతికితే ఊరికి జట్టు మిగులుతుందన్నది ఐపీఎల్‌లో నిజం, ఎందుకంటే అక్కడ హైదరాబాద్ అన్న చోటుకే ధర పలుకుతుంది. జట్లన్నీ లీగ్ చేతిలో ఉన్నచోట ఊరు పటంలో గుచ్చిన గుండుసూది, తీసి ఇంకోచోట గుచ్చవచ్చు.

*

నదిగట్టు:

ఇదీ నేను వెతుకుతున్న మాట. 2019లో మేము మైదానానికి వెళ్ళడం ఓటు వేయడం లాంటిదనుకున్నాము. మా ఓటు లెక్కించే పెట్టె ఎక్కడా లేదు.

*

రాత్రిబడి:

నాది వేరే కోణం. చాలా ఏళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో, పెద్ద పెట్టుబడి వచ్చిందని కేకు కోసిన నెలకే జీతాలు పడలేదు. అప్పుడు నేర్చుకున్నదేమిటంటే, ప్రకటించిన మొత్తం, ఖాతాలో పడిన మొత్తం రెండూ వేర్వేరు. అందుకే ఈ లీగ్ దివాలా పత్రాలు నన్ను ఆశ్చర్యపరచలేదు. 2019 ఏప్రిల్ 17న, మీ శాన్ ఆంటోనియో ఉన్న పశ్చిమ టెక్సస్ జిల్లా కోర్టులోనే, చాప్టర్ 7 కింద పిటిషన్ వేశారు. అప్పులు 4 కోట్ల 83 లక్షల డాలర్లు, ఆస్తులు 1 కోటి 13 లక్షలు, చేతిలో నగదు 5,36,160 డాలర్లు. 25 కోట్లు అన్న మాట చెప్పి అప్పటికి దాదాపు రెండు నెలలే అయింది.

చాప్టర్ 7 అంటే సంస్థను బతికించే ప్రయత్నం కాదు, ఉన్నది అమ్మి అప్పులవాళ్ళకు పంచడం. ట్రస్టీ వస్తాడు, హెల్మెట్ల దగ్గర నుంచి కుర్చీల దాకా లెక్క రాస్తాడు. తాకట్టు ఉన్నవాళ్ళు ముందు, లేనివాళ్ళు వెనుక. ఆటగాళ్ళు కొందరు డండన్, ఎబెర్సోల్‌లపై కాలిఫోర్నియాలో దావా వేశారు. లీగ్ ఆగిన రోజున ఇంకో జట్టు మెంఫిస్ ఎక్స్‌ప్రెస్ ఆటగాళ్ళ సామాన్లు హోటల్ లాబీలోకి వచ్చేశాయని, ఇంటికి విమానం టికెట్లు సొంత డబ్బుతో కొనుక్కున్నారని అప్పుడు చదివాము. గాయపడి ఉన్నవాడి గతి ఆలోచించండి.

*

మూడోడౌన్:

ఒర్లాండో అపోలోస్ సంగతి కూడా చెప్పాలి. స్టీవ్ స్పరియర్ కోచ్, 7–1తో లీగ్‌లో అన్నిటికన్నా మెరుగైన జట్టు. పనిలో గాయపడినవారి పరిహార చట్టం ఫ్లోరిడాలో వృత్తి క్రీడాకారులకు సరిపడా లేదని, ప్రాక్టీసు కోసం వాళ్ళను సరిహద్దు దాటించి జార్జియాకు తీసుకెళ్ళేవారు. బీమా ఖర్చు ఒక జట్టు ఏ రాష్ట్రంలో నిద్ర లేవాలో నిర్ణయించిందన్నమాట. ఫైనల్‌ను లాస్ వేగస్ నుంచి టెక్సస్‌లోని ఫ్రిస్కోకు మార్చారు, చివరికి ఎక్కడా జరగలేదు. స్పరియర్ తామే ఛాంపియన్లమని ప్రకటించుకున్నాడు. కాదనడానికి లీగ్ లేదు.

*

కొత్తపాఠకుడు:

ఆటగాళ్ళ సంగతి ఏమైంది? అందరూ ఇంటికేనా?

*

వసుంధర:

అందరూ కాదు. ఆపిన రెండు మూడు రోజులకే ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లతో ఒప్పందాలు చేసుకోవడానికి వీళ్ళను వదిలారు. కమాండర్స్ క్వార్టర్‌బ్యాక్ లోగన్ వుడ్‌సైడ్ టెనెసీ టైటన్స్‌లో చేరి కొన్నేళ్ళు రెండో క్వార్టర్‌బ్యాక్‌గా ఉన్నాడు.

నాకు ఇష్టమైన కథ గ్రెగ్ వార్డ్‌ది. హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో క్వార్టర్‌బ్యాక్, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆ స్థానానికి పొట్టివాడని బంతి పట్టే రిసీవర్‌గా మారాల్సి వచ్చింది. కమాండర్స్‌లో ఆ కొత్త పని చేశాడు. అదే ఏడు చివర్లో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు ఫిలడెల్ఫియా ఈగల్స్ రిసీవర్లు వరుసగా గాయపడితే ఇతన్ని దింపారు. వాషింగ్టన్‌తో ఆటలో అర నిమిషం కూడా లేనప్పుడు కార్సన్ వెంట్జ్ విసిరిన బంతిని గోల్ గీత దాటి పట్టి ఆట గెలిపించాడు. నేను ఆ ఆట టీవీలో చూస్తూ మా ఇంట్లోవాళ్ళకు, ఇతను ఏప్రిల్ నెలలో ఉద్యోగం పోయినవాడని చెప్పాను. ఎవరూ పట్టించుకోలేదు.

*

పాతచొక్కా:

నియమాలు కూడా కొన్ని బతికాయి. మూడోడౌన్ గారు చెప్పిన నాలుగో డౌన్, 12 గజాల ఏర్పాటు 2024లో యూఎఫ్‌ఎల్‌లోకి వచ్చింది, అదే 28 గజాల గీత దగ్గర నుంచే. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఇలాంటిదే 15 గజాలతో పెట్టమని 2020లో ఈగల్స్ ప్రతిపాదిస్తే మిగతావారు ఒప్పుకోలేదు.

*

నదిగట్టు:

అందరికీ కృతజ్ఞతలు. మార్చి 31న అరిజోనా హాట్‌షాట్స్ చేతిలో 23–6తో ఓడిన ఆటకు కూడా మేమిద్దరం వెళ్ళాము. మూడో క్వార్టర్‌కే విసుగు వచ్చి, వచ్చే నెల ప్లేఆఫ్స్‌కు వద్దాములే అని మా తమ్ముణ్ణి వెంటబెట్టుకుని బయటకు వచ్చేశాను. ఇప్పుడు వాడు డాలస్‌లో ఉంటున్నాడు, ఆ నియమాలన్నీ నాకంటే బాగా చెబుతాడు. చివరి క్వార్టర్ చూడనివ్వలేదని ఇప్పటికీ నన్ను ఆడిపోసుకుంటాడు.